దుమ్ములో బతికేవాళ్ళ ఊపిరి సంగతి

(ఒంటిమిట్టలో జరిగిన సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మన ఎజెండాలో పంట నష్టం అర్జీలు ఉన్నాయి, కరెంటు మోటార్ల సంగతి ఉంది, పాసుపుస్తకాల తప్పులు ఉన్నాయి. వాటికి ముందు ఒక అరగంట ఆయాసం గురించి మాట్లాడతామని మేము అడిగితే కమిటీలోనే ఇద్దరు నవ్వినారు. “రైతు సంఘానికి, ఉబ్బసానికి ఏం సంబంధం? అది డాక్టర్లు చూసుకుంటారు గదా” అన్నారు. ఆ నవ్విన ఇద్దరిలో ఒకాయన రోజూ తెల్లవారుజామున మూడు గంటలకు దగ్గుతో లేచి మంచం మీద కూర్చుంటాడని వాళ్ళింటామె మాకు చెప్పింది. ఆయన ఇక్కడే ముందు వరుసలో ఉన్నాడు. పేరు చెప్పములే.

ముందే ఒక మాట. మేము డాక్టర్లము కాదు. హైస్కూలు దాకా చదువుకొని సేద్యంలో పడినోళ్ళము. అయితే ఒక అక్క సంగతి మమ్మల్ని ఊరికే ఉండనీయలేదు. అందుకని డాక్టర్ల దగ్గర కూర్చొని అడిగి తెలుసుకున్నాము, దొరికిన పుస్తకాలు చదివినాము. తెలుసుకున్నంత వరకు మీ ముందు పెడతాము.

ఆ అక్క మన సంఘంలో మనిషే. చెనిక్కాయ నూర్పిడి మిషను దగ్గర ఎనిమిది రోజులు వరసగా పనికి పోయింది. మిషను నోట్లోకి కట్టె వేసే చోట నిలబడింది. ఆ చోటు ఎట్లుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. సాయంత్రానికి మనిషి కనురెప్పలు కూడా మట్టి రంగులోకి తిరుగుతాయి. మూడో రోజు నుంచే రాత్రి పూట రొమ్ము పట్టేసేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ మరుసటి రోజు పిలవడు గదా! దగ్గర్లో సూది వేసే ఒకాయన దగ్గరికి పోయి ఒక సూది, నాలుగు బిళ్ళలు తీసుకొని మళ్ళీ పనికి పోయేది. ఎనిమిదో రోజు రాత్రి మాట రాలేదు. పెదవులు నల్లబడినాయి. ఆటోలో వేసుకొని కడపకు పోయినారు. బతికింది. పొద్దున డాక్టరమ్మ “ఎన్నేళ్ళుగా ఉంది నీకు ఈ ఆయాసం?” అంటే “పెళ్ళయినప్పటి నుంచి” అన్నదంట. ఆమె పెద్ద కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆమెకు ఉన్నది ఆస్తమా అని, దానికి రోజూ వాడే మందు ఉందని ఒక్కరు కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ రెండో ప్రశ్న కూడా అడిగింది. “నువ్వు ఏం పని చేస్తావు?” ఇన్నేళ్ళలో సూదులు వేసిన ఎవరూ ఆ ప్రశ్న అడగలేదంట. ఇటలీ దేశంలో రామజ్జిని అని ఒక వైద్యుడు ఉండేవాడు. ఏ పని చేసేవాళ్ళకు ఏ జబ్బులు వస్తాయో 1700 సంవత్సరంలోనే ఒక పుస్తకం రాసినాడు. ధాన్యం జల్లెడ పట్టేవాళ్ళు, కొలిచేవాళ్ళు ఆ దుమ్ముకు దగ్గుతారని, ఊపిరాడక బాధపడతారని అందులో ఉంది. రోగిని చూసేటప్పుడు “నీ పనేంది?” అని తప్పక అడగాలని చెప్పింది కూడా ఆయనే. మూడు వందల ఏండ్లు దాటింది. ఆ ప్రశ్న ఇంకా మన ఊళ్ళకు సరిగా చేరలేదు.

ఆస్తమా అంటే లోపల జరిగేదేందో చూద్దాం. మన తోటల్లో డ్రిప్పు పైపులు ఉన్నాయి గదా, దాంతోనే చెప్పుకుందాం. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి పోయే గొట్టాలు కొమ్మలు కొమ్మలుగా చీలి సన్నపడతాయి. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంచెం వాచి, ఎర్రబడి, చిన్నదానికే చిరాకు పడేట్టు ఉంటుంది. దానికి పడని దుమ్మో పొగో తగలగానే మూడు పనులు ఒక్కసారి జరుగుతాయి. గొట్టం చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది, పైపును బయట నుంచి చేత్తో నొక్కినట్టు. లోపలి వాపు పెరుగుతుంది, పైపులో ఉప్పు పేరుకున్నట్టు. పైగా జిగట కఫం అడ్డం పడుతుంది, నాచు పట్టినట్టు. దారి సన్నబడుతుంది. గాలి తీసుకోవడం కంటే వదలడం కష్టమవుతుంది. ఆ సన్న దారిలో గాలి పోతుంటేనే ఈల వేసినట్టు, పిల్లికూన కూసినట్టు చప్పుడు వచ్చేది.

ఈ పైపు సంగతి గుర్తు పెట్టుకోండి, మందుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

గుర్తులు నాలుగు. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, రొమ్ము బిగపట్టినట్టు ఉండడం. నాలుగూ అందరికీ ఉండాలని లేదు. కొందరికి ఒట్టి పొడి దగ్గే ఉంటుంది, పిల్లలకు మరీను. ఈ జబ్బును పట్టించే అసలు లక్షణం ఏమిటంటే, ఇది వచ్చి పోతూ ఉంటుంది. పగలు బాగుండి రాత్రి, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. నూర్పిళ్ళప్పుడు ఉండి తర్వాత పోతుంది. మంచు కాలంలో, జలుబు చేసినప్పుడు, పరుగెత్తినప్పుడు వస్తుంది. వారం ఊరిడిచి చుట్టాలింటికి పోతే తగ్గి, తిరిగొచ్చి పనిలో దిగంగానే మొదలైందంటే అది పెద్ద ఆధారం. ఆ లెక్క మీ అంతట మీరే రాసి పెట్టుకొని డాక్టరుకు చూపించండి. డాక్టరు గొట్టంలోకి గట్టిగా ఊదించి పరీక్ష చేస్తాడు. మందు ఇవ్వక ముందు ఒకసారి, ఇచ్చిన తర్వాత ఒకసారి ఊదిస్తే ఎంత తేడా వచ్చిందో తెలిసిపోతుంది. నొప్పి లేదు, సూది లేదు.

ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకే ఇంట్లో తండ్రికీ బిడ్డకూ ఉంటే అది వంశంలో వచ్చే గుణం. చెంబు వేరుగా పెట్టడం, సంబంధాలకు వచ్చినవాళ్ళ దగ్గర దాచడం, ఇవి మన ఇళ్ళల్లో ఇంకా జరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో ప్రపంచంలో 26 కోట్ల 20 లక్షల మందికి ఆస్తమా ఉంది. ఆ ఒక్క ఏడు 4 లక్షల 55 వేల మంది దాంతో చనిపోయినారు. చనిపోయిన వాళ్ళల్లో ఎక్కువ మంది మన మాదిరి పేద దేశాల వాళ్ళే. జబ్బు గుర్తించక, మందు అందక పోయిన ప్రాణాలే అందులో ఎక్కువ.

అయితే ఆయాసమంతా ఆస్తమా కాదు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, సాయంత్రం జ్వరం వస్తుంటే, మనిషి చిక్కిపోతుంటే ముందు కళ్ళె పరీక్ష చేయించుకోవాల, అది క్షయ కావచ్చు. ముప్పై ఏండ్లు బీడీ తాగిన పెద్దాయనకు, ముప్పై ఏండ్లు కంప కట్టెల పొయ్యి ఊదిన పెద్దమ్మకు వచ్చే ఆయాసం వేరే రకం. అది వచ్చి పోయేది కాదు, మెల్లగా ఏటికేడాది పెరిగేది. కాళ్ళ వాపులతో, పడుకుంటే ఆయాసంతో వచ్చేది గుండె జబ్బు కావచ్చు. మంగంపేట వైపు ముగ్గురాయి పొడి కొట్టే మిల్లుల్లో, ఎర్రగుంట్ల వైపు, బేతంచెర్ల వైపు నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే చోట పనికి పోయే పిల్లోళ్ళు మన ఊళ్ళ నుంచి కూడా ఉన్నారు. రాతిపొడిలో ఇసుక జాతి పదార్థం ఉంటే ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడతాయి, తిరిగి రావు. అది సిలికోసిస్. వాళ్ళు “మాకు ఆస్తమా ఉంది” అనుకొని సూదులతో కాలం గడిపితే లాభం లేదు, ఛాతీ ఎక్స్‌రే తీయించాల, ఏ మిల్లులో ఎన్నేళ్ళు చేసినారో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాల. రేపు నష్టపరిహారం అడగాలంటే ఆ కాగితమే దిక్కు.

ఇంకొకటి ఉంది, ఇది మన రైతులకు మరీ ముఖ్యం. పురుగుమందు కొట్టి వచ్చినాక ఆయాసం, రొమ్ములో గురగుర వస్తే అది ఆస్తమా అని పీల్చే మందు వేసుకొని పడుకోవద్దు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ జాతి మందులు ఒంట్లోకి పోతే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి, లోపల నీరు ఊరుతుంది. దాంతోపాటు ఒళ్ళంతా చెమట, నోట్లో ఎంగిలి కారడం, కండ్లలో నీళ్ళు, వాంతులు, కంటిపాప సూదిమొన మాదిరి సన్నబడడం ఉంటాయి. అది విషం ఎక్కడం. బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బా చేతబట్టుకొని నేరుగా పెద్దాసుపత్రికి పోవాల. డబ్బా చూస్తేనే డాక్టరుకు ఏ విరుగుడు ఇయ్యాలో తెలుస్తుంది. ఇక ఆస్తమా ఉన్నవాళ్ళు అసలు స్ప్రేయరు భుజానికి ఎత్తుకోకుండా ఉండడమే మేలు. కూలికి పిలిచే రైతు కూడా ఆ సంగతి అడిగి పిలవాల.

ఇప్పుడు దేనికి వస్తుంది అనే దగ్గరికి వద్దాం. పుస్తకాల్లో పెంపుడు కుక్కలు, తివాచీలు, ఏసీలు అని రాసి ఉంటుంది. మన ఇళ్ళల్లో తివాచీ ఎక్కడుంది? మన జాబితా మనం రాసుకోవాల.

అన్నిటికంటే ముందు కల్లం. చెనిక్కాయ దుమ్ములో ఒట్టి మట్టే లేదు. ఎండిన ఆకు పొడి ఉంది, బూజు ఉంది. వానకు తడిసి నల్లబడిన కట్టెను మిషన్లో వేస్తే లేచే నల్లపొగ లాంటి దుమ్ము అంతా బూజే. తడిసిన గడ్డివామి విప్పినప్పుడు కూడా అంతే. జొన్న నూగు సంగతి పాతకాలం వాళ్ళకు తెలుసు, జొన్న కోతకు పోయొచ్చి ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఒళ్ళు దురద పోదు. ఒంటి మీద అట్లుంటే లోపల ఎట్లుంటుందో ఆలోచించండి. పొద్దుతిరుగుడు నూర్పిడి దానికి తమ్ముడు. పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఎండబెట్టినాక డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడతారు గదా, ఆ షెడ్డులో పసుపు రంగు పొగమంచు కమ్ముకుంటుంది. మిరపకాయల తొడిమెలు తీసే ఆడోళ్ళు పగలంతా తుమ్ముతూనే ఉంటారు. బూజు పట్టిన గడ్డి విదిలించిన ఐదారు గంటలకు దగ్గు, ఆయాసంతో పాటు చలి జ్వరం వస్తే అది ఆస్తమా కాదు, ఊపిరితిత్తుల్లో ఇంకొక రకం వాపు. “రైతు ఊపిరితిత్తి” అనే దానికి పేరు. మన పేరు పెట్టిన జబ్బు ఒకటి ఉందని మనకే తెలియదు!

పంట దుమ్ము ఏం చేయగలదో చూపించడానికి ఒక ఊరి సంగతి చెబుతాము. స్పెయిన్ దేశంలో బార్సిలోనా అని రేవు పట్టణం. 1981 నుంచి 1987 దాకా ఆ ఊళ్ళో 26 సార్లు, ఉన్నట్టుండి ఒకే రోజు పదుల మంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తినారు. కొందరు చనిపోయినారు కూడా. ఏం జరుగుతుందో అంతుబట్టలేదు. చివరికి రేవులో ఏ రోజు ఏ సరుకు దించినారో లెక్కలు తీసి, ఆసుపత్రి లెక్కల పక్కన పెట్టి చూసినారు. సోయాచిక్కుడు ఓడ నుంచి గిడ్డంగిలోకి దించిన రోజులే అవన్నీ. గిడ్డంగికి దుమ్ము ఆపే వడపోత సంచులు లేవు. సంచులు బిగించినాక ఆ విడ్డూరం ఆగిపోయింది. ఊరి జనానికి మందు పోసి ఆపలేదు, దుమ్ము లేచే చోట ఆపినారు. మాకు ఇందులో నచ్చిన సంగతి అదే.

కల్లం తర్వాత చెట్లు, గడ్డి. వయ్యారిభామ, దాన్నే కాంగ్రెస్ గడ్డి అంటాము. 1950ల్లో అమెరికా గోధుమలతో పాటు ఈ దేశానికి వచ్చిందంటారు. పూణే దగ్గర 1955లో కనిపెట్టినారు. ఇప్పుడు అది లేని గట్టు లేదు. దాని పుప్పొడి తుమ్ములు, ఆయాసం తెప్పిస్తుంది, ఆకు తగిలితే చర్మం పగులుతుంది. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకొని వేర్లతో పీకాల. పూత వచ్చినాక పీకితే మనమే పుప్పొడి చల్లినట్టు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ పనికి రావద్దు. సర్కారు కంప సంగతి కూడా ఇంతే. పూత మీద ఉంటే పుప్పొడి, కొట్టి కాలిస్తే పొగ. బొగ్గుల బట్టీ ఊరికి దూరంగా, గాలి వాలు చూసి పెట్టమని అడగడం తప్పు కాదు.

ఇంట్లో పొయ్యి ఉంది. దీపం పథకం 1999లో వచ్చింది, ఉజ్వల 2016లో వచ్చింది, గ్యాసు ఇంటింటికీ ఉంది. అయినా నీళ్ళు కాచేదానికి, పండగ వంటకు, సిలిండరు అయిపోయిన వారం రోజులకు కంప కట్టెలే. ఆ పొయ్యిని ఇంటి వెనక బయలులో పెట్టండి, నాలుగు గోడల మధ్య వద్దు. దోమల చక్రం, సాంబ్రాణి, అగరబత్తి, మిరపకాయ పోపు ఘాటు ఇవి కూడా కొందరికి పడవు. దోమతెర కట్టుకుంటే చక్రం అక్కర లేదు. పరుపులు, బొంతలు, దిండ్లలో కంటికి కనపడని పురుగులు ఉంటాయి. వాటిని వారానికొకసారి మిట్టమధ్యాహ్నం ఎండలో వేయండి, గలీబులు వేడి నీళ్ళల్లో ఉతకండి. మనకు ఎండకు కొదవ లేదు గదా. కొట్టంలో ఎద్దుల పక్కనే, గడ్డి పక్కనే మంచం వేసుకొని పడుకునే పెద్దాయనలు ఆ మంచాన్ని ఇవతలికి తెచ్చుకుంటే సగం రాత్రుల దగ్గు తగ్గుతుందని మాకు అనుభవం.

నొప్పుల బిళ్ళలు కూడా ఒక సంగతి. నడుము నొప్పికి అంగట్లో కొనే బిళ్ళలు కొందరు ఆస్తమా వాళ్ళకు ఆయాసం తెప్పిస్తాయి. ఆస్పిరిన్‌తో కొందరికి ప్రాణం మీదికే వస్తుంది. బీపీకి వాడే కొన్ని రకాల బిళ్ళలు కూడా పడవు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా “నాకు ఆస్తమా ఉంది” అని మొదటి మాటగా చెప్పండి.

ఇక పథ్యం. అరటిపండు తినొద్దు, పెరుగు తినొద్దు, చలువ చేస్తుంది అంటారు. అరటి తోటలు వేసి లారీలకు ఎత్తి దేశమంతా పంపే మనం ఒక పండు తినడానికి భయపడాల్నా? ఫలానా తిండి తిన్న ప్రతిసారీ మీకు ఆయాసం వస్తే ఆ తిండి మానండి. పక్కింటాయనకు పడదని మీ బిడ్డ నోటి కాడ పెరుగన్నం తీసేయొద్దు.

ఇప్పుడు మందులు. పైపు గుర్తుందా? నొక్కిన చేతిని వదిలించే మందు ఒకటి, లోపలి వాపును తగ్గించే మందు ఒకటి. మొదటిది సాల్బుటమాల్. పీల్చిన ఐదు నిమిషాల్లో గొట్టం తెరుచుకుంటుంది, నాలుగైదు గంటలకు దాని పని అయిపోతుంది. మనకు అదంటే ఇష్టం, ఎందుకంటే వెంటనే తెలుస్తుంది. కానీ లోపలి వాపు అట్లే ఉంటుంది. దాన్ని తగ్గించేది బుడెసొనైడ్ లాంటి మందు. అది పీల్చిన రోజు ఏమీ తెలియదు. రోజూ వాడితే కొన్ని వారాలకు రాత్రి నిద్ర పడుతుంది, దగ్గు మర్చిపోతాము. డ్రిప్పుకు మందు పెట్టి కడిగేది నీళ్ళు ఆగినాక కాదు, ఆగకముందే గదా. ఒక్క సాల్బుటమాల్‌తోనే కాలం గడపడం ప్రమాదమని, వాపు తగ్గించే మందు తప్పక ఉండాలని ప్రపంచమంతా డాక్టర్లు పాటించే ఆస్తమా మార్గదర్శకాల్లో 2019లో మార్చి రాసినారు. బాగుందని మీ అంతట మీరు మానొద్దు, డాక్టరే మెల్లగా తగ్గిస్తాడు.

“గొట్టం మందు ఆఖరి మందు, ఒకసారి మొదలు పెడితే అలవాటైపోతుంది” అంటారు. దీనంత నష్టం చేసిన మాట ఇంకొకటి లేదు. బిళ్ళగానో సూదిగానో వేస్తే మందు ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు పోవాల. పీలిస్తే నేరుగా అక్కడికే పోతుంది, కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. మడి మొదట్లోకి నీళ్ళు కట్టడానికి, చేనంతా పారించడానికి ఉన్న తేడా. అలవాటయ్యేది, ఒళ్ళు గుల్ల చేసేది ఏళ్ళ తరబడి వేయించుకునే స్టెరాయిడ్ సూదులు, బిళ్ళలు. పొట్లం కట్టి ఇచ్చే పేరు లేని పొడుల్లో కూడా కొన్నిసార్లు అదే కలిపి ఉంటుంది. వేసుకున్న రోజే గాలి పట్టినట్టు తగ్గితే అనుమానించండి. ముఖం ఉబ్బడం, షుగరు, ఎముకలు పెళుసుబారడం, కంట్లో శుక్లం, ఇవన్నీ దాని వెనకాల వస్తాయి. మేము మొదట చెప్పిన అక్కకు నలభై దాటీ దాటకముందే కంట్లో శుక్లం వచ్చింది. అయితే ఆయాసం ముదిరి ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరు నాలుగైదు రోజులు స్టెరాయిడ్ ఇస్తే వద్దనొద్దు. అప్పుడు అది ప్రాణం నిలబెట్టేది.

చేపమందు సంగతి ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే మేమే చెబుతాము. మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్ళు కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. 1845 నుంచి తమ ఇంట్లో వస్తోందని చెబుతారు. డబ్బులు తీసుకోరు. మన వైపు నుంచి కూడా రైలెక్కి పోయినవాళ్ళు ఉన్నారు. అది ఆస్తమాను నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు దాని మీద ప్రశ్నలు లేవనెత్తినాయి. పోయేవాళ్ళను మేము తిట్టము. వాళ్ళు పోవడం వెనక ఎన్ని నిద్ర లేని రాత్రులు ఉన్నాయో మాకు తెలుసు. ఒక్కటే అడుగుతాము, పోయినా సరే, పీల్చే మందు మాత్రం ఆపొద్దు. పిల్లోళ్ళకు బతికున్న చేప మింగిస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఆలోచించండి.

పీల్చే పద్ధతి తప్పితే మందంతా నాలిక మీదే పడుతుంది. బాగా ఊపాల. ఊపిరి బయటకు వదిలేయాల. పెదవులు మూసి పట్టుకొని, నొక్కుతూనే మెల్లగా లోపలికి పీల్చాల. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆపాల. వాపు మందు పీల్చినాక నోరు పుక్కిలించి ఉమ్మాల, లేకుంటే నోట్లో తెల్ల పొక్కులు వస్తాయి. పిల్లలకు, ముసలోళ్ళకు ఇది చేతకాదు, వాళ్ళకు స్పేసరు అనే డబ్బా పెట్టాల. స్పేసరు కొనలేకపోతే? దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో డాక్టర్లు అర లీటరు కూల్‌డ్రింకు సీసా అడుగున మందు గొట్టం మూతి పట్టేంత రంధ్రం చేసి, సందు లేకుండా అతికించి, పిల్లలకు సీసా మూతి దగ్గర పీల్పించి చూసినారు. 1999లో అచ్చయిన వాళ్ళ పరీక్షలో ఆ సీసా కొన్న స్పేసరుకు తీసిపోలేదు. ఇక్కడ బల్ల మీద మేము చేసినవి రెండు ఉన్నాయి, పోయేటప్పుడు చేతబట్టి చూడండి.

రాత్రి పూట ముంచుకొస్తే ఏం చేయాల? పడుకోబెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చుట్టూ జనాన్ని జరపండి. సాల్బుటమాల్ స్పేసరులో ఒక్కొక్కటిగా నొక్కుతూ నాలుగు నుంచి పది సార్లు పీల్పించండి. ఒక్కో నొక్కుకు నాలుగైదు ఊపిర్లు. తగ్గకపోతే ఇంక చూసేది లేదు, 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా ఇరవై నిమిషాలకొకసారి అదే మందు మళ్ళీ పీల్పించండి. మాట ఒక్క వాక్యం కూడా పూర్తి కాకపోవడం, పక్కటెముకలు లోపలికి గుంజుకోవడం, పెదవులు, గోర్లు నీలం తిరగడం, మనిషి మత్తుగా అయిపోవడం, వీటిలో ఏది కనిపించినా మొదటి నిమిషమే ఫోను చేయాల. ఇంకొకటి బాగా వినండి. గట్టిగా కూసే పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసపడితే “తగ్గింది, నిద్రపోతున్నాడు” అనుకోవద్దు. గాలి పోవడమే ఆగిపోతున్నట్టు లెక్క.

ఇప్పుడు సంఘం చేయాల్సింది. ఫ్యాక్టరీలో దుమ్ము లేస్తే దాన్ని బయటికి లాగే ఏర్పాటు యజమాని చేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసినారు. కల్లానికి అట్లాంటి రాత లేదు. రాసేదాకా మనమే మన మధ్య ఒక ఒప్పందం చేసుకుందాం. మిషను నిలిపేటప్పుడు గాలి వాలు చూసి, దుమ్ము మనుషుల మీదికి కాక అవతలికి పోయేట్టు నిలపాల. కట్టె వేసే చోట ఒకే మనిషిని రోజంతా పెట్టొద్దు, గంటకొకరు మారాల. తువ్వాలు మొదటి పెద్ద దుమ్మును ఆపుతుంది గానీ సన్న దుమ్మును ఆపదు. ఎన్‌95 మాస్కు ఆపుతుంది. మాస్కు ఖర్చు రైతుదా, మిషను యజమానిదా అని కమిటీలో గొడవ జరిగింది. చెరి సగం అని తేల్చినాము. చిన్న రైతులం మేమెక్కడ తెచ్చేది అని అడిగినవాళ్ళు ఉన్నారు, న్యాయమే. కానీ ఎకరా నూర్పిడికి మనం పెట్టే మొత్తం ఖర్చులో మాస్కుల ఖర్చు ఎంతో ఇంటికి పోయి లెక్క వేసుకోండి. ఆయాసం ఉందని చెప్పినవాళ్ళను పని నుంచి తీసేయకూడదు, దుమ్ము లేని చోట, కాయ ఏరే చోట, మూటలు కుట్టే చోట పెట్టాల, అదే కూలి ఇయ్యాల. ఈ మాట మీద మేస్త్రీలు కొందరు ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పిస్తాము.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అర్జీ రాసినాము. సాల్బుటమాల్, బుడెసొనైడ్ పీల్చే మందులు రెండూ 2022 జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. బీపీకి, షుగరుకు నెలనెలా బిళ్ళలు ఇచ్చినట్టే వీటిని కూడా ఇక్కడే ఇయ్యాలని, ప్రతి ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గర ఒక స్పేసరు, ఒక సాల్బుటమాల్ ఉంచాలని అడిగినాము. మందు నెలకు కొన్ని వందలు అవుతుంది. ఆ వందలు లేకనే కొందరు నెల మందును మూడు నెలలకు సాగదీస్తున్నారు. జనౌషధి అంగళ్ళలో తక్కువ ధరకు దొరుకుతుంది గానీ దానికి కడపకు పోయి రావడానికే ఒక రోజు కూలి పోతుంది. ఆ అర్జీ మీద సంతకాలు ఇప్పటికి చాలా తక్కువ ఉన్నాయి. కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. వేలిముద్ర అయినా పరవాలేదు.

వచ్చే నెల సమావేశానికి మీ ఇంట్లో ఆయాసానికి వాడుతున్న మందులన్నీ, పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకొని రండి. ఒక డాక్టరు గారు వచ్చి చూస్తామని మాట ఇచ్చినారు. మొదట చెప్పిన అక్క కూడా వస్తుంది. ఆమె ఇప్పుడు రోజూ రెండు పూటలా మందు పీలుస్తుంది, మొన్న పసుపు తవ్వకానికి కూడా పోయింది, పాలిష్ డ్రమ్ము దగ్గరికి మాత్రం పోలేదు. గొట్టం ఎట్లా పీల్చాలో మీకు ఆమే చూపిస్తానంది.

ఇక పంట నష్టం అర్జీల సంగతి. సర్వే నంబర్లు తెచ్చినవాళ్ళు ముందుకు రండి.